ఎడిసన్ ప్రయోగశాలకు మన తెలుగు బడి పిల్లలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన వారాంతపు తెలుగు బడిలో మూడు నుంచి ఏడో తరగతి చదివే పిల్లలను ఈసారి న్యూజెర్సీ వెస్ట్ ఆరెంజ్‌లోని థామస్ ఎడిసన్ నేషనల్ హిస్టారికల్ పార్కుకు తీసుకెళ్తున్నాం. ఫారాలు పంపిన రోజు నుంచి వాట్సాప్ గ్రూపులో, ఫోన్లో, బడి గుమ్మం దగ్గర మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. ఆ చోటంటే నాకు అంత ఇష్టం మరి.

మనం ఉండేదే ఎడిసన్ టౌన్‌లో కదా. మళ్లీ వెస్ట్ ఆరెంజ్ దాకా ఎందుకు?

అందరూ మొదట అడిగేది ఇదే. మన టౌన్‌లోని మెన్లో పార్క్‌లో ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టిన మాట నిజం. 1877లో శబ్దాన్ని రికార్డు చేసి వినిపించే ఫోనోగ్రాఫ్, 1879లో ఎక్కువసేపు వెలిగే బల్బు తయారైంది అక్కడే. మనం రోజూ కార్లో దాటిపోయే క్రిస్టీ స్ట్రీట్ ఆ బల్బులతో వెలిగిన మొదటి వీధి. అప్పట్లో రారిటన్ టౌన్‌షిప్ అని పిలిచే ఈ ఊరికి 1954లో ఆయన పేరు పెట్టుకున్నారు.

కానీ ఆ ప్రయోగశాల భవనాలు ఇప్పుడు ఇక్కడ లేవు. బల్బుకు యాభై ఏళ్లు నిండిన 1929లో హెన్రీ ఫోర్డ్ మిగిలిన చెక్కలు, సామాన్లు ఏరించి, లేనివి కొత్తగా కట్టించి, మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో నిలబెట్టాడు. ఇక్కడి ఎర్రమట్టిని కూడా రైలు పెట్టెల్లో తీసుకెళ్లాడట. ఎడిసన్ వెళ్లి చూసి, అంతా సరిగ్గానే ఉంది గానీ మా నేల ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు అన్నాడని చెబుతారు. మన దగ్గర మిగిలింది 1938లో ప్రారంభించిన స్మారక గోపురం, పక్కన చిన్న మ్యూజియం. అది గంటలో అయిపోతుంది, ఏ ఆదివారం సాయంత్రమైనా మీరే తీసుకెళ్లొచ్చు.

వెస్ట్ ఆరెంజ్‌ది వేరే సంగతి. 1887లో కట్టిన భవనాలు కట్టినచోటే ఉన్నాయి. మెషిన్లు ఉన్నాయి, రసాయనాల సీసాలు అరల్లోనే ఉన్నాయి. 1931లో చనిపోయేదాకా ఆయన పనిచేసింది అక్కడే.

అక్కడ బల్బు కనిపెట్టిన గది చూపిస్తారా?

చూపించరు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పి తీసుకురండి. వెస్ట్ ఆరెంజ్ కట్టేనాటికి బల్బు వచ్చి ఎనిమిదేళ్లయింది. 1882 సెప్టెంబరులో న్యూయార్క్ పర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఇళ్లకు, ఆఫీసులకు కరెంటు ఇవ్వడం కూడా మొదలైపోయింది.

ఇంకో మాట. కరెంటుతో వెలుగు తెప్పించిన మొదటి మనిషి ఎడిసన్ కాదు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్ అదే పని చేస్తున్నాడు, ఆయనకంటే ముందు కూడా ఎందరో ప్రయత్నించారు. ఎడిసన్ బృందం సాధించింది గంటల తరబడి నిలిచే ఫిలమెంట్, అంటే బల్బు లోపల వెలిగే సన్నని పోగు. మొదట కాల్చి బొగ్గుగా మార్చిన పత్తి దారం, తర్వాత జపాన్ వెదురు. దానితోపాటు జనరేటరు, వైర్లు, మీటరు, స్విచ్చి, ఒక ఊరికి కరెంటు అందించే ఏర్పాటంతా వాళ్లు ఒక్కటిగా అల్లారు. "బల్బు కనిపెట్టినవాడు ఎడిసన్" అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న తరం మనది. పిల్లలకు మాత్రం పూర్తి కథ చెబుదాం.

మరి లోపల చూసేది ఏముంది?

నేను ఈ యాత్ర పెట్టించిందే ఇందుకు. అది వస్తువులను గాజు పెట్టెల్లో వరసగా పేర్చిన మ్యూజియం కాదు. పనిచేసే చోటు.

లోపలికి అడుగుపెట్టగానే పనివాళ్లు హాజరు వేసుకునే గడియారం. యజమాని కూడా అందులోనే కార్డు పంచ్ చేసేవాడు. పక్కనే పుస్తకాల గది, చెక్క బాల్కనీలతో మూడంతస్తుల ఎత్తు. ఆయన డెస్కు ఉంటుంది. పుస్తకాల అరల మధ్య ఒక సందులో చిన్న మంచం. రాత్రిళ్లు పని బల్లమీదే పడుకుంటున్నాడని భార్య మైనా వేయించిన మంచం అది. పిల్లలు ఇక్కడ తప్పకుండా ఆగుతారు. ఆగనివ్వండి.

తర్వాత స్టాక్ రూమ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన గది. ఏ ప్రయోగానికి ఏది కావలసి వస్తుందో ముందే తెలియదు కాబట్టి అన్నీ ఉండాలన్నది ఎడిసన్ పద్ధతి. లోహపు కడ్డీలు, గొట్టాలు, తీగలు ఒకవైపు, జంతువుల కొమ్ములు, తోళ్లు, తాబేటి చిప్పలు ఇంకోవైపు. ఆ సొరుగులు చూస్తుంటే నాకు మా ఊరి కిరాణా కొట్టే గుర్తొస్తుంది. శొంఠి నుంచి చీపురు దాకా అడిగిందల్లా ఏదో డబ్బాలోంచి బయటికొచ్చేది.

దాని తర్వాత పెద్ద మెషిన్ షాపు. పైకప్పు పొడవునా ఇనుప షాఫ్టు, దాని నుంచి ఒక్కో మెషిన్ మీదికి దిగే తోలు బెల్టులు. మన వైపు పాత రైస్ మిల్లు గానీ పిండిమర గానీ చూసినవాళ్లకు కొత్తగా విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్క మోటారు తిరిగితే షాపంతా తిరుగుతుంది. పైఅంతస్తులో సన్నపని చేసే మెషిన్లు, మూడో అంతస్తులో సంగీతం రికార్డు చేసిన గది ఉన్నాయి.

బయట విడిగా రసాయన ప్రయోగశాల ఉంటుంది. ఎనభై ఏళ్ల వయసులో ఎడిసన్ అమెరికాలో పెరిగే మొక్కల నుంచి రబ్బరు తీయాలని వేలకొద్దీ మొక్కలు పరీక్షించాడు. చివరికి ఎంచుకున్నది గోల్డెన్‌రాడ్. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన హైవేల పక్కన పసుప్పచ్చగా పూస్తుందే, అదే. పిల్లలకు ఆ పువ్వు ఫొటో చూపించి పంపండి, అక్కడ ఆ పేరు వినగానే కళ్లు మెరుస్తాయి.

చివరగా బ్లాక్ మరియా. ప్రపంచంలో మొదటి సినిమా స్టూడియో. 1893లో కట్టింది కూల్చేశారు, ఇప్పుడున్నది 1954లో కట్టిన నకలు. లోపలా బయటా నలుపే. పైకప్పు తెరుచుకుంటుంది. లైట్లు చాలని రోజులు కాబట్టి ఎండ ఎటు తిరిగితే భవనం మొత్తాన్ని పట్టాల మీద అటు తిప్పేవాళ్లు. అక్కడ 1894లో తీసిన ఒక సినిమాలో మొత్తం కథ ఇంతే: ఫ్రెడ్ ఆట్ అనే ఉద్యోగి నశ్యం పీల్చి తుమ్ముతాడు. మన పిల్లలకు ఇది చెబితే బస్సంతా తుమ్ములే.

అమ్మమ్మ, తాతయ్య ఇండియా నుంచి వచ్చారు. వాళ్లూ రావచ్చా?

తప్పకుండా తీసుకురండి. బస్సులో పెద్దలకు ఎనిమిది సీట్లు ఉంచాం. భవనాన్ని బాగుచేసి 2009లో తిరిగి తెరిచినప్పుడు లిఫ్టు పెట్టారు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల గురించి భయపడక్కర్లేదు.

కిందటిసారి ఒక తాతగారు వచ్చారు. హైదరాబాద్ బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ నడిపిన మనిషి. మెషిన్ షాపులోకి రాగానే ఒక లేత్ ముందు నిలబడిపోయారు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, బెల్టు ఎక్కే పుల్లీనే చూస్తున్నారు. దానికి మూడు మెట్లున్నాయి, ఒకదానికంటే ఒకటి పెద్దది. "ఇదేంటి తాతా?" అని మనవరాలు అడిగింది. "బెల్టును చిన్న మెట్టు మీదికి జరిపితే పని గబగబా తిరుగుద్దమ్మా, పెద్ద మెట్టు మీదికి జరిపితే నెమ్మదిగా తిరుగుద్ది, బలం ఎక్కువ వస్తది. నీ సైకిల్ గేర్లు లేవూ, అవే ఇవి" అన్నారు. పన్నెండు మంది పిల్లలు ఆయన చుట్టూ చేరారు. రేంజర్ కూడా వచ్చి నిలబడితే ఆ మాటల్ని మనవరాలే ఇంగ్లిషులో చెప్పింది. అమెరికా వచ్చిన నెల రోజుల్లో నాన్న అంతసేపు మాట్లాడింది ఆ రోజే అని వాళ్లమ్మ నాతో అంది.

ఎడిసన్ తల్లికి టీచరు రాసిన ఉత్తరం కథ పిల్లలకు చెప్పాను. బాగుంటుంది కదా?

మనందరి ఫోన్లకీ పది సార్లయినా వచ్చి ఉంటుంది. బడి నుంచి ఉత్తరం వస్తుంది, తల్లి కన్నీళ్లతో "మీ అబ్బాయి మేధావి, మా బడి చాలదు" అని చదువుతుంది, ఆమె పోయాక అతను ఉత్తరం తీసి చూస్తే "మీ అబ్బాయికి బుద్ధిమాంద్యం" అని ఉంటుంది. కంటతడి పెట్టించే కథే. కానీ జరగలేదు. అలాంటి ఉత్తరం లేదు.

ఎడిసన్ స్వయంగా చెప్పుకున్నది వేరు. ఈ పిల్లాడి బుర్ర సరిగా లేదని టీచరు అనడం తన చెవులతోనే విన్నాడు. ఏడుస్తూ ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. నాన్సీ ఎడిసన్ కోపంగా బడికి వెళ్లి పోట్లాడి, కొడుకును మాన్పించి, ఇంట్లో తనే చదువు చెప్పింది. బడిలో ఉన్నది కొద్ది నెలలే. నాకైతే ఈ నిజమే బాగుంది. ఇందులో తల్లి ఏదీ దాచలేదు. పిల్లాడి మాట నమ్మి, పిల్లాడి పక్షాన నిలబడింది. దయచేసి ఈ కథే చెప్పండి.

పదివేల సార్లు ఓడిపోయాక బల్బు వెలిగిందంటారు. నిజమేనా?

ఆ మాటకు మూలం బల్బు కాదు, బ్యాటరీ. నికెల్, ఇనుముతో క్షారద్రావణంలో పనిచేసే బ్యాటరీ కోసం ఎడిసన్ బృందం వెస్ట్ ఆరెంజ్‌లో దాదాపు పదేళ్లు కష్టపడింది. వేల ప్రయోగాలయ్యాక సహచరుడు వాల్టర్ మాలరీ, ఇంత పని చేసి ఫలితం రాలేదే అని సానుభూతి చూపించబోతే, ఫలితాలు రాకపోవడమేమిటి, పనికిరానివి కొన్ని వేలు తెలుసుకున్నాను కదా అన్నాడట. అది నోటినోటా పాకి బల్బుకు అంటుకుంది. అంకె కూడా చెప్పే మనిషిని బట్టి పెరుగుతూ వచ్చింది.

పిల్లలకు అంకె కంటే ఆ తర్వాత జరిగింది ముఖ్యం. మార్కెట్లోకి వదిలిన మొదటి రకం బ్యాటరీలు కారడం మొదలుపెడితే ఎడిసన్ తయారీ ఆపేసి మళ్లీ మొదటికొచ్చాడు. బాగుపడిన రకం వచ్చేసరికి 1909. ఆ బ్యాటరీలు గనుల్లో దీపాలకు, రైల్వే సిగ్నళ్లకు చాలా కాలం పనిచేశాయి.

మా అబ్బాయి టెస్లా పక్షం. ఎడిసన్ దొంగ అంటాడు. రానంటున్నాడు.

అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటాను, తప్పకుండా పంపండి. ఆవిష్కర్త నికోలా టెస్లా ఎడిసన్ కంపెనీలో పనిచేసింది 1884లో, న్యూయార్క్‌లో, అదీ కొద్ది నెలలే. మనం చూసే భవనం అప్పటికి కట్టనే లేదు.

కరెంటును దిశ మారుస్తూ పంపే ఏసీ మేలా, ఒకే దిశలో పంపే డీసీ మేలా అన్న తగాదాలో టెస్లా, ఏసీ కంపెనీ యజమాని వెస్టింగ్‌హౌస్‌ల వైపే సరైన దారి ఉంది. కరెంటు దూరం పంపాలంటే వోల్టేజ్ పెంచి పంపాలి, ఇంటి దగ్గర మళ్లీ తగ్గించాలి. ఏసీకి ఆ పని ట్రాన్స్‌ఫార్మర్ చేసిపెడుతుంది. ఆ రోజుల్లో డీసీకి అలాంటి ఉపాయం లేదు, కేంద్రం నుంచి మైలు దాటితే కష్టమే. ఎడిసన్ పట్టుదలకు పోయి ఓడాడు. అంతటితో ఆగలేదు కూడా. ఏసీ ఎంత ప్రమాదమో చూపించాలని హెరాల్డ్ బ్రౌన్ అనే ఇంజనీరు 1888లో జంతువులకు షాక్ ఇచ్చి చంపిన ప్రయోగాలకు తన ప్రయోగశాలలోనే చోటిచ్చాడు. ఇది ఆయన చేసిన తప్పే. పెద్ద పిల్లలు అడిగితే నేను దాచను.

ఏసీ ప్రమాదమని చూపించడానికి ఎడిసన్ ఒక ఏనుగును చంపించాడని చెప్పుకునే మాట మాత్రం సరిచేసుకుందాం. టాప్సీ అనే ఏనుగును కోనీ ఐలాండ్‌లో చంపింది 1903 జనవరిలో. ఆ తగాదా ముగిసి అప్పటికి పదేళ్లయింది. ఎడిసన్ పేరున్న కంపెనీ మనుషులు దాన్ని సినిమా తీశారు గానీ ఆయన అక్కడ లేడు.

చిన్నపిల్లలు భయపడేవి ఏమైనా ఉన్నాయా?

రెండు. ఒకటి మాట్లాడే బొమ్మ. 1890లో బొమ్మ పొట్టలో చిన్న ఫోనోగ్రాఫ్ పెట్టి అమ్మారు. చేత్తో హ్యాండిల్ తిప్పితే చిన్నపిల్లల గేయం పాడుతుంది. లోపలి మెషిన్ త్వరగా పాడవడం, గొంతు కీచుమనడంతో కొన్ని వారాల్లోనే అమ్మకం ఆపేశారు. ఆ పాత గొంతుల్ని పార్కు ఈమధ్య కంప్యూటరు సాయంతో బయటికి తీసింది. యూట్యూబ్‌లో రాత్రిపూట వినిపించకండి, మా ఇంట్లో లైటు వేసుకుని పడుకోవాల్సొచ్చింది.

రెండోది బాధాకరమైన కథ. ఎక్స్-రే కొత్తగా వచ్చిన 1896లో ఈ ప్రయోగశాలలోనే ఎక్స్-రే బొమ్మను అప్పటికప్పుడు తెర మీద చూపించే ఫ్లోరోస్కోప్ మీద పని నడిచింది. గాజు ఊదే పనివాడు క్లారెన్స్ డాలీ ఎక్స్-రే గొట్టాలను తన చేతులు అడ్డంపెట్టే పరీక్షించేవాడు. దానివల్ల ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. చేతులపై పుండ్లు లేచి మానలేదు. చేతులు తీసేయాల్సి వచ్చింది, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఎక్స్-రే పని పూర్తిగా వదిలేశాడు. ఐదో తరగతి పైవాళ్లకు ఈ కథ చెప్పాలనే నా ఉద్దేశం. మీకు వద్దనిపిస్తే నాకు ఒక్క మెసేజ్ పెట్టండి.

ఎడిసన్‌కు చెవుడు కదా. ఫోనోగ్రాఫ్ ఎలా చేశాడు?

చిన్నప్పటి నుంచే వినికిడి తక్కువ. సంగీతం వినాలంటే ఫోనోగ్రాఫ్ చెక్కను గానీ పియానో చెక్కను గానీ పళ్లతో కరిచిపట్టుకునేవాడు. కంపనం పళ్ల నుంచి పుర్రె ఎముకలోకి, అక్కడి నుంచి లోపలి చెవికి చేరుతుంది. పిల్లలతో ఇంట్లోనే చేయించండి: ఒక స్టీలు చెంచా కాడను పళ్ల మధ్య పట్టుకుని, చెవులు మూసుకుని, చెంచాను ఇంకో చెంచాతో మెల్లగా తట్టాలి. గుడి గంటలా మోగుతుంది.

టికెట్, భోజనం, డబ్బు సంగతి?

పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు. పెద్దలకు ఉంది, నేషనల్ పార్కుల వార్షిక పాసు ఉంటే అది చెల్లుతుంది, మరిచిపోకుండా తెచ్చుకోండి. బస్సు ఖర్చులో మీ వంతు ఫారంలో ఉంది. ఇబ్బంది ఉన్నవాళ్లు నాకు విడిగా చెప్పండి, ఏ పిల్లా డబ్బు వల్ల ఆగిపోకూడదు.

భోజనం పులిహోర, పెరుగన్నం, అరటిపండు. పులిహోరలో పల్లీలు వేయొద్దని వండేవాళ్లకు చెప్పాం, జీడిపప్పు కూడా వద్దన్నాం. ముగ్గురు పిల్లలకు ఎలర్జీ ఉంది. దయచేసి మీరు ఇచ్చే చిరుతిండిలోనూ పల్లీ చిక్కీ, పల్లీ ఉండలు పెట్టకండి.

ఒకే రోజులో గోపురం, ప్రయోగశాల, ఆయన ఇల్లు గ్లెన్‌మాంట్ మూడూ చూపించొచ్చు కదా?

ఒకసారి అదే చేశాం. మూడు చోట్లకూ పరిగెత్తాం. దారిలో పరీక్షలప్పటి టెన్షన్ పెట్టాం. సాయంత్రం "ఏం చూశారు?" అంటే "బస్సు" అన్నారు పిల్లలు. ఆ తప్పు మళ్లీ చేయను. ఈసారి ప్రయోగశాల ఒక్కటే, నిదానంగా. గ్లెన్‌మాంట్ 29 గదుల ఇల్లు, వెనక తోటలో ఎడిసన్, మైనాల సమాధులున్నాయి. అది కాపలా ఉన్న నివాసకాలనీ లోపల ఉంటుంది కాబట్టి మీ కార్లో వెళ్లడమే సులువు. తెరిచి ఉందో లేదో పార్కు వెబ్‌సైట్లో చూసుకుని బయల్దేరండి.

తెలుగు బడి యాత్ర కదా. ఇందులో తెలుగు ఎక్కడ?

ప్రతి పిల్లకూ చిన్న నోట్‌బుక్ ఇస్తాం. అందులో ప్రశ్న ఒక్కటే: ఈ గదిలో ఎవరు ఏ పని చేసి ఉంటారు? జవాబు తెలుగులోనే రాయాలి. గాజు ఊదినవాడు, మైనం పోసినవాడు, చెక్క చెక్కినవాడు, బెల్టు మార్చినవాడు, లెక్కలు రాసినవాడు. ఎడిసన్ పేరుమీద 1093 అమెరికా పేటెంట్లున్నాయి. వాటి వెనక ఉన్న ఈ చేతుల్ని పిల్లలు చూడాలన్నదే నా కోరిక. పని మాటలు వస్తే భాష దానంతటదే వస్తుంది. మన పిల్లలకు పండ్ల పేర్లు, రంగుల పేర్లు వచ్చు. మేకు, మర, పట్టకారు, ఆకురాయి ఎవరికీ రావు.

తెలుగువాళ్లలో ఇలాంటి మనిషి ఎవరూ లేరా అని మా పాప అడిగింది.

ఉన్నారని చెప్పండి. జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టారు. బడి మధ్యలోనే మానేశారు. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నడిపారు. 1937లో దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు. భారతదేశపు ఎడిసన్ అంటారు. వేసవిలో ఇండియా వెళ్లేవాళ్లకు దారి కలిస్తే కోయంబత్తూరులో ఆయన పేరున్న మ్యూజియం చూపించండి.

ఎన్నింటికి వచ్చి తీసుకెళ్లాలి?

బస్సు ఉదయం 9కి బడి పార్కింగ్ నుంచి కదులుతుంది, 8:45కల్లా రండి. తిరిగి 3:30కి వస్తాం. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ట్రాఫిక్ ఉంటే గ్రూపులో రాస్తాను. నోట్‌బుక్‌లు ఆ రోజే ఇంటికి పంపుతాం. కారెక్కగానే "ఎలా ఉంది?" అని కాకుండా, ఎవరి పని నచ్చిందో అడగండి.